లంగరు ఎత్తే మోటారు: బోటు పొడవు కాదు, బరువు చూడాలి

లంగరు అనే మాట ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకటే. చిన్న షికారు బోటులో దాన్ని గొలుసుతో సహా చేత్తో పైకి లాగడమంటే నడుము విరిగే పని. అందుకే ముందు భాగంలో విండ్‌లాస్ అనే బ్యాటరీ మోటారు బిగిస్తారు.

చాలామంది బోటు పొడవు చూసి కొనేస్తారు. అసలు లెక్క బరువుది. 10 కిలోల లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు 30 మీటర్లు అనుకోండి. ఆ గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది, అంటే 42 కిలోలు. లంగరుతో కలిపి 52. మోటారు లాగే శక్తి దీనికి కనీసం మూడు రెట్లు, అంటే 156 కిలోలు ఉండాలి. గొలుసును పట్టే చక్రం కూడా ఆ సైజుదే కావాలి, లేదంటే జారిపోతుంది.

నిలువు రకంలో మోటారు డెక్ కిందికి పోతుంది. అడ్డ రకం మొత్తం పైనే ఉంటుంది, బిగించడం తేలిక. ఏదైనా సరే, డెక్ అడుగున గట్టి పలక వేసే బోల్టులు బిగించాలి.

ఖర్చుకు వెనకాడకూడనిది వైరు దగ్గర. 12 వోల్టుల మీద 1000 వాట్ల మోటారు 80 ఆంపియర్లకు పైనే తీసుకుంటుంది. సన్న వైరు వేస్తే వేడెక్కి అంటుకోవచ్చు. బ్రేకర్ బ్యాటరీ దగ్గరే పెట్టించాలి.

విండ్‌లాస్‌తో బోటును లాగించకూడదు. ఇంజన్‌తో మెల్లగా ముందుకెళ్తే గొలుసు వదులవుతుంది, అప్పుడు బటన్ నొక్కాలి. లంగరు వేశాక భారం మోటారు మీద వదిలేయకుండా, నైలాన్ తాడుతో డెక్ మీది క్లీట్‌కు కట్టేయాలి. గొలుసు తిరిగేటప్పుడు పిల్లల వేళ్లు, దుపట్టా కొసలు దగ్గరికి రానివ్వొద్దు. పనయ్యాక బ్రేకర్ ఆఫ్ చేసేయాలి.