మీకు తెలుసా? పరిగె ఏరుకునే చేతులకు లక్షల ధర!

కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మనం ‘పరిగె ఏరడం’ అంటాం కదా? ఆ పరిగె ఏరే ఆడవాళ్లతోనే ఫ్రాన్స్ చిత్రకారుడు మిలే ఒక గొప్ప బొమ్మ వేశాడు! అదీ 1857లో!

కాస్త దగ్గరికొచ్చి చూడండి. ముగ్గురు ఆడవాళ్లు. ఒకామెది నీలం తలగుడ్డ, ఒకామెది ఎర్రది. ఇద్దరూ నడుం పడిపోయేలా వంగారు. మూడో ఆమె సగమే వంగింది. ఒకామె ఒక చెయ్యి వెనక్కి మడిచి, ఏరిన వెన్నుల్ని నడుం మీద పట్టుకుంది! ఇప్పుడు దూరంగా చూడండి. కొండల్లాంటి కుప్పలు! నిండిన బండి! కుడివైపు మూలన, చీమంత, గుర్రం మీద ఒక మనిషి. కూలీల మీద అజమాయిషీ ఆయనదే! పంటంతా అక్కడ. వీళ్ల చేతుల్లో పిడికెడు!

ఈ బొమ్మ చూసి ప్యారిస్ పెద్దమనుషులు కొందరు బెదిరిపోయారు! పేదజనం వీధుల్లోకొచ్చిన 1848 తిరుగుబాటు వాళ్లకింకా కళ్ల ముందే ఉంది మరి!

మిలే ఊరికే చూసి వేయలేదండోయ్! 1814లో నార్మండీ పల్లెలో, రైతు ఇంట పుట్టాడు. నాన్నతో పాటు పొలం పని చేసినవాడు! ఆ వంగిన నడుముల నొప్పి ఆయనకు తెలుసు.

ఆయన ‘ఏంజెలస్’ చూశారా? సాయంత్రం ప్రార్థన గంట వినగానే దుంపల చేలో తల వంచిన ఆలుమగలు. నిలువు 55 సెంటీమీటర్లే! దాన్ని వేయమన్న అమెరికా ఆసామి తీసుకెళ్లడానికి రానే లేదు! మిలే ఏం చేశాడో తెలుసా? దూరాన ఒక చర్చి గోపురం చేర్చాడు. పేరూ ‘ఏంజెలస్’ అని మార్చాడు! గంట వినగానే పని ఆపించి ప్రార్థన చేయించే నాయనమ్మ ఆయనకు గుర్తొచ్చిందట. నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట ఇది!

ఇంకోటి చెప్పనా? ఆ ఆలుమగల కాళ్ల దగ్గర పిల్లవాడి శవపేటిక దాగి ఉందని చిత్రకారుడు డాలీ పట్టుబట్టాడు! 1963లో ఎక్స్‌రే తీస్తే, బుట్ట దగ్గర నిజంగానే పెట్టె ఆకారంలో నల్లటి మచ్చ!

ఇంకో చిత్రకారుడు వాన్ గో అయితే మిలే బొమ్మల్ని చూసి ఏకంగా 21 బొమ్మలు వేశాడు! ఆయన ముందున్నవి నలుపు తెలుపు ప్రతులే. రంగులన్నీ సొంతం!

ఇక ధర వినండి! పరిగె బొమ్మకు మిలే చేతికొచ్చింది 3,000 ఫ్రాంకులు. 1889లో అదే బొమ్మ 3,00,000! వెయ్యి ఫ్రాంకులకు అమ్మిన ఏంజెలస్‌కు అదే ఏడాది వేలంలో 5,53,000!

ఆ డబ్బులో మిలే ఇంటికి ఒక్క ఫ్రాంకూ రాలేదు! ఆయనకు తొమ్మిది మంది పిల్లలు! తర్వాత, బొమ్మ వేలంలో అమ్ముడైన ప్రతిసారీ చిత్రకారుడి కుటుంబానికి వాటా ఇవ్వాలని ఫ్రాన్స్ చట్టం చేసింది. ఆ చట్టం కావాలన్నవాళ్లు చెప్పుకున్నది ఏంజెలస్ కథే! చట్టం వచ్చింది 1920లో. అప్పటికి మిలే పోయి 45 ఏళ్లు!