ఆందోళనతో నిద్ర పట్టనప్పుడు: అపోహలు – వాస్తవాలు

ఆందోళన వల్ల వచ్చే నిద్రలేమి ముఖ్యంగా రెండు రకాలుగా కనిపిస్తుంది. కొందరికి పడుకుని గంటలు గడిచినా కునుకు రాదు. మరికొందరికి త్వరగానే నిద్ర పట్టినా రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తుంది, ఇక తెల్లవారే దాకా ఆలోచనలే. పరీక్షల ముందు, పెళ్లి పనుల ఒత్తిడిలో, ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కొన్నాళ్లు ఇలా జరగడం సహజం. కారణం తీరిపోయాక చాలామందికి నిద్ర మళ్లీ గాడిన పడుతుంది. వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలల పాటు నిద్ర చెడి, పగటి పనులు కూడా దెబ్బతింటుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. ఇది ఎందుకు ముదురుతుందో అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో వివరించాడు. నిద్ర చెడడానికి ఒక కారణం ఉంటే, అది చెడిపోయే ఉండడానికి మరో కారణం ఉంటుంది. పోయిన నిద్రను రాబట్టుకోవడానికి మనిషి చేసే పనులే చాలాసార్లు ఆ రెండో కారణం అవుతాయి. ఆ పనులన్నిటి వెనకా కొన్ని అపోహలు ఉన్నాయి.

అపోహ: గుండె ధైర్యం లేనివాళ్లకే ఇలా జరుగుతుంది.

వాస్తవం: ఇది శరీరంలోని హెచ్చరిక వ్యవస్థ చేసే పని. ముప్పు ఉందని మెదడు భావించగానే అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పెరట్లో పాము కనిపించినా, వచ్చే వారం కట్టాల్సిన అప్పు గుర్తొచ్చినా శరీరం స్పందించే తీరు ఒకటే. పగలు పనుల్లో పడి పట్టించుకోని గుబులు, దీపాలు ఆర్పి పడుకున్నాక ఒక్కసారిగా పైకి వస్తుంది. ధైర్యవంతులకూ, కుటుంబ భారమంతా మోస్తున్న వాళ్లకూ ఇది తప్పదు. నెమ్మదిగా, పొడవుగా ఊపిరి వదలడం, పాదాల నుంచి ముఖం వరకు ఒక్కో కండరాన్నీ బిగించి సడలించడం ఈ హెచ్చరిక స్థితిని తగ్గిస్తాయి. రోజూ సాధన చేస్తేనే ఇవి అవసరమైన వేళ పనికొస్తాయి.

అపోహ: నిద్ర రాకపోయినా కళ్లు మూసుకుని అలాగే పడుకోవాలి.

వాస్తవం: రోజుల తరబడి మంచం మీద దొర్లుతూ కలవరపడితే, మంచం చూడగానే మెలకువ వచ్చే అలవాటు పడుతుంది. హాల్లో టీవీ ముందు తూగుతున్న మనిషికి పడకగదిలోకి వెళ్లగానే నిద్ర ఎగిరిపోవడం ఇందుకే. ఈ అలవాటును మాన్పించే పద్ధతిని మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో రూపొందించాడు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పడుకోవాలి. ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో ఉత్సాహం పుట్టించని పని ఏదైనా చేయాలి. కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ వచ్చి పడుకోవాలి. అవసరమైతే రాత్రికి ఎన్నిసార్లయినా ఇలాగే చేయాలి. అందరూ ఒకే గదిలో పడుకునే ఇళ్లలో గోడ పక్కన ఒక కుర్చీ ఉన్నా సరిపోతుంది. గడియారాన్ని మాత్రం కంటికి కనిపించకుండా పెట్టాలి. టైము చూసిన ప్రతిసారీ ఇంకెన్ని గంటలు మిగిలాయన్న లెక్క మొదలై గుబులు పెరుగుతుంది.

అపోహ: ఆలోచనలను గట్టిగా ఆపేస్తే నిద్ర వస్తుంది.

వాస్తవం: ఆపాలనుకున్న ఆలోచనే ఎక్కువగా వస్తుంది. తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దని చెప్పినవారికి అదే పదేపదే గుర్తొచ్చినట్టు మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ బృందం 1987లో చూపింది. ఆలోచనను అణచడం కంటే దానికి వేరే వేళ కేటాయించడం మేలు. సాయంత్రం, పడక సమయానికి రెండు మూడు గంటల ముందు, ఒక పావుగంట సేపు బెంగలన్నీ కాగితం మీద రాయాలి. ఒక్కోదాని పక్కన, దాని గురించి చేయగలిగిన తర్వాతి పని రాయాలి. “పాప కాలేజీ ఫీజు” అని రాసి వదిలేస్తే బెంగ అలాగే ఉంటుంది. “శుక్రవారం బ్యాంకుకు వెళ్లి విద్యారుణం గురించి అడగాలి” అని రాస్తే మెదడుకు కొంత ఊరట. చేయగలిగింది ఏమీ లేని విషయం ఉంటే, అది తన చేతిలో లేదని రాసి పుస్తకం మూసేయాలి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో 57 మంది యువతీయువకులు పాల్గొన్నారు. పడుకునే ముందు 5 నిమిషాలు, ఇకపై చేయాల్సిన పనుల జాబితా రాసినవారు, అప్పటికే ముగించిన పనుల గురించి రాసినవారికంటే సగటున దాదాపు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు.

అపోహ: పోయిన నిద్రను త్వరగా పడుకుని, ఆలస్యంగా లేచి పూడ్చుకోవాలి.

వాస్తవం: మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. మధ్యాహ్నం గంటల తరబడి పడుకుంటే ఆ ఒత్తిడి కరిగిపోయి, రాత్రికి నిద్ర మిగలదు. పది గంటలకు పడుకుని ఆరింటికి లేచే ఒక మనిషి నిజంగా నిద్రపోతున్నది అయిదున్నర గంటలే అనుకుందాం. మంచం మీద గడిచే ఎనిమిది గంటల్లో రెండున్నర గంటలు ఆందోళనకే పోతున్నాయి. నిద్రలేమి చికిత్సలో భాగంగా ఇలాంటివారిని కొన్నాళ్లు పన్నెండున్నరకు పడుకుని ఆరింటికే లేవమంటారు. మంచం మీద ఉన్న సమయంలో 85 శాతం పైగా నిద్రలో గడుస్తున్నప్పుడు, పడుకునే వేళను వారానికి 15 నిమిషాల చొప్పున ముందుకు జరుపుతారు. మొదటి వారాల్లో పగలు మగతగా ఉంటుంది. అందుకే వాహనాలు నడిపేవారు, మూర్ఛ లేదా బైపోలార్ వ్యాధి ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణ లేకుండా దీన్ని పాటించకూడదు. ఎవరైనా సొంతంగా చేయగలిగింది, సెలవు రోజుల్లో కూడా ఒకే వేళకు లేవడం.

అపోహ: ఎనిమిది గంటల నిద్ర లేకపోతే మర్నాడు పాడైపోయినట్టే.

వాస్తవం: పెద్దలకు రోజుకు 7 గంటలు, ఆపైన నిద్ర మంచిదని నిపుణులు చెబుతారు, కానీ అవసరం అందరికీ ఒకేలా ఉండదు. నెలల తరబడి తక్కువ నిద్ర ఆరోగ్యానికి హానే. ఒకటి రెండు రాత్రులు చెడితే మాత్రం తర్వాతి రాత్రుల్లో గాఢనిద్ర పెంచుకుని శరీరమే సర్దుకుంటుంది. రాత్రిలో కొన్నిసార్లు కాసేపు మెలకువ రావడం ఆరోగ్యవంతులకూ మామూలే. నిద్రలేమి ఉన్న చాలామంది తాము నిజంగా నిద్రపోయినదాని కంటే తక్కువే నిద్రపోయామని అనుకుంటారు.

అపోహ: ఒక పెగ్గు తాగితే హాయిగా నిద్ర పడుతుంది, సాయంత్రం టీకి నిద్రతో సంబంధం లేదు.

వాస్తవం: మద్యంతో త్వరగా మగత వచ్చినా, అది ఒంట్లోంచి తగ్గే కొద్దీ, అంటే రాత్రి రెండో సగంలో, నిద్ర ముక్కలవుతుంది. గుండె దడతో మెలకువ వస్తుంది, మర్నాడు ఆందోళన ఇంకా పెరుగుతుంది. అడినోసిన్ పనికి అడ్డుపడే కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటికి తాగిన టీలోని కెఫీన్ రాత్రి పదింటికి సగం మిగిలే ఉంటుంది. నిద్ర సరిగా పట్టనివారు మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానడం మంచిది.

అపోహ: నిద్రమాత్రే అసలు మందు.

వాస్తవం: దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. సీబీటీ–ఐ అని పిలిచే ఈ చికిత్స కొన్ని వారాల్లో ముగుస్తుంది, మేలు ఆ తర్వాత కూడా నిలుస్తుంది. పైన చెప్పిన పద్ధతుల్లో చాలావరకు ఇందులోవే. ఆల్ప్రజోలామ్ వంటి మాత్రలు తక్కువ కాలానికి, డాక్టరు పర్యవేక్షణలో ఉపయోగపడవచ్చు. వారాల తరబడి వాడితే అలవాటుపడి మోతాదు పెంచాల్సి వస్తుంది. వృద్ధుల్లో మతిమరుపు, తూలి పడిపోయే ప్రమాదం పెరుగుతాయి. మన దేశంలో మందుల షాపుల్లో ఇలాంటి మందుల అమ్మకాలను కట్టడి చేసేందుకు 2014లో అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్‌1 జాబితాలో ఆల్ప్రజోలామ్ కూడా ఉంది. అయితే చాలాకాలంగా వాడుతున్నవారు దాన్ని ఒక్కసారిగా మానకూడదు. తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహాతో నెమ్మదిగా తగ్గించాలి.

అపోహ: ఆందోళన తగ్గితే నిద్ర దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఆందోళన నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి ఆందోళనను పెంచుతుంది. అందుకే రెండింటికీ కలిపి చికిత్స అవసరం కావచ్చు. మొదట శారీరక కారణాలు ఉన్నాయేమో చూడాలి. థైరాయిడ్ అతిగా పనిచేయడం, గురకతో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా, కాళ్లలో భరించలేని అలజడి, స్టెరాయిడ్ మందులు కూడా ఇలాంటి రాత్రులనే తెస్తాయి.

అపోహ: సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్తే పిచ్చి అని ముద్ర పడుతుంది.

వాస్తవం: ఆందోళన, నిద్రలేమి సైకియాట్రిస్టులు రోజూ చూసే సమస్యలు. ముద్ర పడుతుందన్న భయంతో ఆలస్యం చేసేకొద్దీ బాధ ముదురుతుంది. నెల దాటినా నిద్ర కుదుటపడకపోయినా, పగటి పనులు ఆగిపోతున్నా, రాత్రుళ్లు ఊపిరాడనంత భయం కమ్ముతున్నా డాక్టరును కలవాలి. ఛాతీలో నొప్పి వస్తే అది ఆందోళనేనని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రోజుకు రెండు మూడు గంటలే నిద్రపోయినా అలసట లేకుండా విపరీతమైన ఉత్సాహం కనిపిస్తే బైపోలార్ వ్యాధి కావచ్చు, దానికి చికిత్స వేరు. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే తెల్లవారే దాకా ఆగకుండా అదే రాత్రి ఆ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంట్లో ఒకరిని నిద్ర లేపి చెప్పాలి.