'నార్మల్' అని సంబరపడకండి!

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే మనం ముందు చూసేదేమిటి? కుడివైపు అచ్చువేసిన 'నార్మల్' అంకెల్ని. మన అంకె వాటి మధ్యలో ఉంటే హమ్మయ్య అనుకుంటాం. పక్కన చుక్క గుర్తు కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసినోకుమరాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ల దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. మా వదిన విషయంలో కళ్లారా చూశాను.

వదినకి చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండెలో మైట్రల్ వాల్వు పాడైంది. పెద్దయ్యాక ఆపరేషన్ చేసి లోహపు వాల్వు అమర్చారు. ఇక రోజూ మాత్ర తప్పదు. దాని పని తగ్గితే వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతమే. పని ఎక్కువైతే రక్తస్రావం. ఈ రెండింటి మధ్యా సరిగ్గా ఉన్నామో లేదో చెప్పేదే పి.టి., ఐ.ఎన్.ఆర్. పరీక్ష.

ఓ సంక్రాంతికి వదిన పుట్టింటికి వెళ్లి మూడు వారాలుంది. పెరటి తోటకూర, మునగాకు, పాలకూర... పూటకో కూర. పండగ హడావుడిలో రెండు మూడు మాత్రలు కూడా తప్పాయట. తిరిగొచ్చాక పరీక్ష చేయిస్తే ఐ.ఎన్.ఆర్. 1.1. రిపోర్టులో చుక్కా లేదు, గిక్కా లేదు. "అంతా నార్మలే" అన్నాడు అన్నయ్య సంబరంగా. డాక్టరుగారు మాత్రం కాగితం చూసి గంభీరంగా మారిపోయారు. "ఇది మందు వాడనివాళ్లకి నార్మలమ్మా, మీకు ప్రమాదం" అన్నారు. అంకె పెరిగేదాకా హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

పి.టి. అంటే మన రక్తంలోని ప్లాస్మాకి ఓ రసాయనం కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో చూడటం. ఆ రసాయనం అన్ని ల్యాబుల్లోనూ ఒకటి కాదు. అందుకని ఒకచోట 24 సెకన్లు వచ్చిన మనిషికే మరోచోట 30 రావచ్చు. ఈ గందరగోళం తీర్చడానికే 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐ.ఎన్.ఆర్. లెక్కని ఆమోదించింది. సెకన్లు వదిలేసి ఆ అంకె చూసుకోండి. మందు వాడనివాళ్లకి అది 1 దగ్గర ఉంటుంది. కాలి సిరల్లో గడ్డలు వచ్చి ఈ మాత్ర వాడేవాళ్లకి సాధారణంగా 2 నుంచి 3 ఉండాలి. మా వదినలా మైట్రల్ చోట లోహపు వాల్వు ఉంటే 2.5 నుంచి 3.5. ఆమెకి 2.9 వస్తే ల్యాబ్‌వాళ్లు చుక్క పెట్టి ఇస్తారు. మేం మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంటాం! మీవాళ్లకి ఎంత ఉండాలో డాక్టర్ని అడిగి రిపోర్టుల ఫైలు మీద పెద్దక్షరాలతో రాసుకోండి.

ఆకుకూరలు మానమని కాదు సుమా. వాటిలోని కె విటమిన్ ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. వారానికి రెండుసార్లు తినేవాళ్లు ఎప్పుడూ రెండుసార్లే తింటే మందు మోతాదు దానికి తగ్గట్టు కుదురుకుంటుంది. కార్తీకమాసం ఉపవాసాలంటూ తిండి తగ్గిస్తే అంకె పెరగనూవచ్చు. కొన్ని యాంటీబయాటిక్స్ కూడా పెంచేస్తాయి. ఒంటి నొప్పులకి దుకాణంలో మాత్ర కొనుక్కుని మింగే అలవాటు అసలు పనికిరాదు. అంకె చూసి మాత్ర సొంతంగా తగ్గించడం, పెంచడం కూడా వద్దు. ఇవాళ మోతాదు మారిస్తే ఆ ఫలితం రిపోర్టులో పూర్తిగా కనిపించడానికి రెండు మూడు రోజులైనా పడుతుంది.

అన్నట్టు, పక్కింటావిడ "అది ఎలుకల మందటగా" అని వదినని హడలగొట్టింది. నిజమే, 1948లో వార్ఫరిన్ అమెరికా బజార్లోకి వచ్చింది ఎలుకల మందుగానే. 1954లో మనుషులకి అనుమతించారు. 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కీ అదే ఇచ్చారు. ఈ సంగతి చెప్పాకగానీ వదిన కుదుటపడలేదు.

ఈ పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయని వింటున్నాం. కొన్ని జబ్బులకి అవి బాగా పనిచేస్తున్నాయి గానీ, లోహపు వాల్వు ఉన్నవాళ్లకి పనికిరావు. చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి మరీ ఎక్కువైతే సిగ్గుపడి దాచుకోకుండా చెప్పాలి. వాల్వు మార్పించుకున్న అమ్మాయిలు పిల్లలు కావాలనుకుంటే, నెల తప్పకముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భం వచ్చిన తొలి నెలల్లో ఈ మాత్ర బిడ్డకి హాని చేయవచ్చు. అలాగని భయపడి తామే మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. మాత్ర మార్చాలా, ఇంజెక్షన్లు ఇవ్వాలా అన్నది డాక్టర్లు ముందే ఆలోచించి పెడతారు.