హంబకర్
హంబకర్ అనేది ఎలక్ట్రిక్ గిటారు తీగల కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చే ఒక రకమైన పికప్. ఒకే తీగచుట్ట గల పికప్‌లు సమీపంలోని విద్యుత్ పరికరాల రొదను కూడా గ్రహిస్తాయి. అందువలన గిటారు వాయించకున్నా స్పీకరులో "హమ్" అనే ధ్వని వినిపిస్తుంది. దీనిని నివారించుటకు గిబ్సన్ సంస్థ ఇంజనీరు సేథ్ లవర్ రెండు చుట్టల పికప్‌ను రూపొందించి, 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1957లో ఇది లెస్ పాల్ గిటార్లలో ప్రవేశించింది. 1959లో పేటెంటు లభించింది.

పనిచేయు విధానం

రెండు చుట్టలను పరస్పరం వ్యతిరేక దిశలలో కలుపుతారు. కావున రెండింటిలోను సమానంగా పుట్టిన బయటి రొద రద్దవుతుంది. వాటి అయస్కాంత ధ్రువాలు కూడా వ్యతిరేకంగా ఉండుటచే తీగల సంకేతాలు మాత్రం రద్దుకాక ఒకదానితో ఒకటి కూడుతాయి. ఫలితంగా నాదం బలంగా, నిండుగా ఉంటుంది. అయితే ఒంటిచుట్ట పికప్‌లోని తీక్షణత కొంత తగ్గుతుంది. అందుకే కొన్ని గిటార్లలో ఒక చుట్టను ఆపివేసే స్విచ్చి కూడా అమర్చుతారు.