చిన్న పెట్టెకు తగిన పాము

పెంపుడు జంతువనగానే మనకు కుక్కయు, పిల్లియు, చిలుకయు స్ఫురించును. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో గాజుపెట్టెలయందు పాములను పెంచువారును అనేకులు కలరు. వారు పామును ఎట్లు ఎంచుకొందురో తెలిసికొనిన యెడల, ఏ ప్రాణినైనను పెంచబూనువారు ముందుగా ఏమి యోచింపవలెనో మనకు బోధపడును.

మొదటి నియమము: పిల్లను చూచి పెట్టెను కొనరాదు; పెరిగిన పామును తలంచి కొనవలెను. బర్మా కొండచిలువ పిల్ల ఇంచుమించు రెండడుగులే యుండును. కొలది యేండ్లలోనే పదియడుగులు దాటును. అట్లు విడిచివేయబడినవియు, తప్పించుకొనినవియు ఫ్లారిడా చిత్తడినేలలలో వృద్ధిపొంది అచ్చటి మృగములను హరించుచున్నవి. అమెరికా ప్రభుత్వము 2012లో వాని దిగుమతిని నిషేధించెను.

రెండవ నియమము: స్వభావమును బట్టి పెట్టె యుండవలెను. చెట్లెక్కు పామునకు ఎత్తు కావలెను. ఇసుకలో దాగు పామునకు అది అక్కరలేదు. కావుననే చిన్న పెట్టెకు తూర్పు ఆఫ్రికాలోని కెన్యా ఇసుకపామును పలువురు ఎంచుకొందురు. దీనికి విషము లేదు. మగది సుమారు పదునైదు అంగుళములు, ఆడుది రెండడుగులు, ఒక్కొకప్పుడు అంతకు మించియు పెరుగును. ఇది ఇసుకలో మునిగి, కన్నులు మాత్రము పైకుంచి, ఎరకై కాచియుండును. పాము చక్కగా చాచుకొనుటకు చాలినంత పొడవు, కొన్ని అంగుళముల ఇసుక, నీటి గిన్నె, గట్టి మూత కావలెను. పాము తన దేహమున చాలినంత వేడిని పుట్టించుకొనజాలదు. కనుక పెట్టెలో ఒక కొన సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చగాను, రెండవ కొన చల్లగాను ఉంచవలెను. వారమునకో, పక్షమునకో ఒక చుంచెలుక ఆహారము. ఆయువు ఇరువది యేండ్లకు మించవచ్చును. పెట్టె చిన్నదైనను బాధ్యత చిన్నది కాదు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఇచ్చటి పాములను పట్టుటయు, పెంచుటయు నేరము. మన చేలలోని రెండుతలల పాము కెన్యా పామునకు జ్ఞాతియే. దానికి తల యొక్కటే. తోక మొద్దుగా నుండుటచే ఆ పేరు వచ్చినది. అది నిధిని చూపుననియు, అదృష్టము తెచ్చుననియు చెప్పి మోసగాండ్రు లక్షల రూపాయలకు బేరమాడుదురు. అదంతయు కల్ల, ఎలుకలను తిని పంటను కాచుటయే అది మనకిచ్చు నిధి. మరియు మచ్చల ఇసుకపాము రక్తపింజరిని పోలియుండును. పొరపడి పట్టినవాని ప్రాణమే పోవచ్చును.

విద్యార్థులారా! పొలమున పాము కనబడిన యెడల కొట్టకుడు, పట్టకుడు. దూరముగా నిలిచి చూడుడు. సృష్టికర్త దానికి చేనినే నివాసముగా నిచ్చెను. అంతకంటె తగిన పెట్టెను మనము చేయజాలము.