సిఫార్సు లేనివారికి కబురైనా అందాలి

ఊళ్లో ఏ కుర్రాడికి ఉద్యోగం వచ్చినా రచ్చబండ దగ్గర మొదట వినిపించే మాట ఒక్కటే: ‘ఎవరి చేత చెప్పించాడు?’ మార్కులెన్నని అడిగేవారు తక్కువ. కష్టపడి చదివి నెగ్గినవాడికి ఇంతకంటే అవమానం ఏముంది?

సిఫార్సు రెండు రకాలు. ఫలానా చోట ఖాళీ ఉందని తెలిసినవారు చెప్పడం ఒకటి. అర్హుణ్ణి పక్కకు నెట్టి మనవాణ్ణి కూర్చోబెట్టడం రెండోది. మొదటిది ఉపకారమే. అయితే ఆ కబురు నలుగురి మధ్యే ఉండిపోతే అన్యాయం అక్కడే మొదలవుతుంది. ఆఫీసులో బావమరిది ఉన్నవాడికి ఖాళీ సంగతి ముందే తెలుస్తుంది. కూలి చేసుకునేవారి పిల్లలకు గడువు దాటాక తెలుస్తుంది.

మన జిల్లా కేసే దారి చూపింది

ఒకప్పుడు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి పంపిన పేర్లనే చాలా ఉద్యోగాలకు పిలిచేవారు. కార్డు ఉన్నా పేరు పంపకపోతే అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లుండేది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ ఉద్యోగాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సరిదిద్దింది. ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించుకోవడంతోపాటు పత్రికల్లోనూ, రేడియోలోనూ ప్రకటించాలని, వచ్చిన దరఖాస్తులన్నీ పరిశీలించాలని చెప్పింది.

ఆ తర్వాత మరికొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు లేవు. పల్లె పోస్టాఫీసుల్లో గ్రామీణ డాక్ సేవకులను పదో తరగతి మార్కులను బట్టే ఎంపిక చేస్తున్నారు. ఇక్కడ సిఫార్సు చీటీకి విలువ లేదు. అయినా ‘పోస్టు వేయిస్తాం’ అంటూ డబ్బు అడిగే దళారులుంటారు. నమ్మితే మోసపోయినట్లే.

మిగిలిన చిక్కు

పరీక్ష లేని తాత్కాలిక, ఔట్‌సోర్సింగ్ కొలువుల దగ్గరే చిక్కంతా. తెల్లవారకముందే పదో తరగతి సర్టిఫికెట్ల నకళ్లు సంచిలో పెట్టుకుని నాయకుల ఇళ్ల ముందు పడిగాపులు కాసే తండ్రులు ఈ కొలువుల కోసమే వస్తారు. అలా దొడ్డిదారిన చేరినవారికీ భరోసా లేదు. నిబంధనలకు విరుద్ధంగా చేరినవారు పర్మనెంటు చేయమని హక్కుగా కోరలేరని 2006లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఎంపికలో అనుమానం వస్తే అడిగే హక్కు మనకుంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఎన్ని ఖాళీలున్నాయి, ఏ పద్ధతిలో నింపారు అని కాగితం మీద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

అన్నిటికంటే ముందు జరగాల్సింది మన ఊళ్లోనే ఉంది. ప్రతి ఉద్యోగ ప్రకటనా పంచాయతీ నోటీసు బోర్డుకు ఎక్కాలి. పత్రిక చదివినవారు పక్కింటి పిల్లలకూ ఆ సంగతి చెప్పాలి. అప్పుడు కనీసం దరఖాస్తు దగ్గరైనా అందరూ సమానమవుతారు.