సంగీత నగరంలో సాధనకు చోటే కరువు!
వియన్నా విద్యార్థుల నానా తంటాలు

వియన్నా: మొజార్ట్, బీథోవెన్, షూబర్ట్ తిరిగిన ఊరు. వీధి మలుపులో వయొలిన్, కాఫీ హోటల్లో పియానో. ఆస్ట్రియా రాజధానికి సంగీత నగరమన్న పేరు ఊరికే రాలేదు. అయితే ఆ సంగీతం నేర్చుకుందామని దేశదేశాల నుంచి వచ్చి చేరిన విద్యార్థుల కష్టం వేరుగా ఉంది. చలిని ఓర్చుకోవచ్చు. భాష మెల్లగా నేర్చుకోవచ్చు. రోజూ నాలుగైదు గంటలు నిశ్చింతగా వాయించుకోవడానికి ఓ గది దొరకడమే గగనం!

గుర్రాల ఆస్పత్రిలో సరిగమలు

వియన్నా సంగీత, రంగస్థల కళల విశ్వవిద్యాలయానికి రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1817లో సంగీతాభిమానుల సంఘం వారు పాటలు నేర్పే చిన్న బడిగా దీన్ని ప్రారంభించారు. 1909లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1998లో విశ్వవిద్యాలయం అయింది. ఇప్పుడున్న ప్రధాన ప్రాంగణం ఒకప్పుడు పశువైద్య కళాశాల. గుర్రాలకు, పశువులకు వైద్యం జరిగిన ఆవరణలోకి 1996లో సంగీతం వచ్చింది. సుమారు 3,000 మంది విద్యార్థులు ఇక్కడ చదువుతున్నారు. వీరిలో దాదాపు సగం మంది విదేశీయులే. అక్కడికి కాస్త దూరంలో ఉన్న ఉంగార్‌గాస్సే వీధి 5వ నంబరు ఇంట్లో బీథోవెన్ తన తొమ్మిదో సింఫనీని 1824లో పూర్తి చేశాడు.

ఇక్కడ సీటు మార్కులతో రాదు. అధ్యాపకుల ఎదుట నిలబడి వాయించాలి. స్వరజ్ఞానానికి వేరే పరీక్ష. జర్మన్ భాష వచ్చని కూడా రుజువు చూపాలి. ఎందరో వాయిస్తే కొందరికే సీటు. దక్కినవారిలో మనలాంటి బయటి దేశాల వారు ఆరు నెలలకు 726 యూరోలు, అంటే సుమారు డెబ్బై వేల రూపాయలు, ఫీజు కట్టాలి. బ్యాచిలర్ డిగ్రీకి నాలుగేళ్లు, ఆపైన మాస్టర్స్‌కు మరో రెండేళ్లు.

తెల్లవారితే గది వేట

సంగీత విద్యార్థికి పొద్దు గది వేటతోనే మొదలవుతుంది. కళాశాలల్లో సాధన గదులుంటాయి. కానీ వాటికన్నా విద్యార్థులు ఎక్కువ. తరగతులు మొదలైతే ఆ గదుల్లో కొన్ని పాఠాలకే పోతాయి. పరీక్షల రోజుల్లో పోటీ మరీ ఎక్కువ. అందుకే చాలామంది పొద్దున్నే ట్రాము ఎక్కి, అందరికన్నా ముందు చేరాలని చూస్తారు. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఏడున్నర దాటాక గానీ కనిపించడు. సాయంత్రం నాలుగింటికే అస్తమిస్తాడు. చీకట్లో వెళ్లి, గోడల మధ్య వాయించి, చీకట్లోనే ఇంటికి చేరే రోజులు ఎన్నో.

ఇంట్లో వాయించుకోకూడదా అంటే అదీ అంత తేలిక కాదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు చప్పుడు చేయరాదన్నది అక్కడి కట్టుబాటు. పగలైనా గోడ అవతల పసిబిడ్డ ఉండవచ్చు, రాత్రి డ్యూటీ చేసి నిద్రపోయే నర్సు ఉండవచ్చు. అదే స్వరాన్ని గంటసేపు వందసార్లు తిరగవేస్తుంటే ఎంత సంగీత ప్రియుడికైనా ఓపిక నశిస్తుంది. అందుచేత గది అద్దెకు తీసుకునే ముందు ‘వాయించవచ్చా, ఎన్ని గంటలు?’ అని అడగడం అక్కడి విద్యార్థులకు మొదటి పాఠం. సాధన గదులున్న హాస్టళ్లకు గిరాకీ అందుకే.

ఈ బాధ పడలేక రకరకాల ఉపాయాలు కనిపెట్టారు. వయొలిన్ గుర్రం మీద రబ్బరు, ఇనుప బిళ్లలు తగిలిస్తే శబ్దం సగానికి సగం తగ్గుతుంది. ట్రంపెట్ మూతిలో బిరడా పెడతారు. పియానో వారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కరెంటు పియానో వాయిస్తారు. పాడేవారి గొంతుకు మాత్రం ఏ బిరడా లేదు. కోట్లు వేలాడే అల్మరాలో తల దూర్చి పాడటమూ ఓ ఉపాయమే!

పాఠం గంట, పని రోజంతా

ప్రధాన వాద్యంలో గురువు ఎదుట కూర్చునేది వారానికి గంట, గంటన్నర. ఆ గంటకోసం మిగతా వారమంతా సాధన. ఇదిగాక స్వరాలు విని రాయడం, సంగీత చరిత్ర, బృంద వాద్యం, ఆర్కెస్ట్రా రిహార్సళ్లు ఉంటాయి. వయొలిన్ విద్యార్థి కూడా పియానో కొంత నేర్చుకోవాల్సిందే. ఒక గురువు శిష్యులంతా కలిసి ఓ సాయంత్రం కచేరీ చేయడం ఆనవాయితీ. ఎవరు ఎంత ముందుకు వచ్చారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఆ ఒక్క సాయంత్రంలో అందరికీ తేలిపోతుంది.

మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వంటి విద్వాంసులు నేలమీద కూర్చుని వాయించిన వయొలిన్‌ను అక్కడ నిలబడి, గడ్డం కింద నొక్కిపట్టి వాయిస్తారు. గంటల తరబడి అలా ఉంటే మెడ, భుజం పట్టేస్తాయి. మణికట్టు నరాలు లాగేస్తాయి. ఒకసారి చేయి పాడైతే నెలల తరబడి వాద్యం ముట్టకూడదని డాక్టర్లు అంటారు. గది దొరికింది కదా అని ఒక్క బిగిన ఎనిమిది గంటలు వాయించేవారికే ఈ ముప్పు ఎక్కువ. విద్యార్థికి పొలమైనా, నాగలైనా ఆ రెండు చేతులే.

వాద్యానికీ చలికాలం గండమే. గదులు వెచ్చబెట్టే యంత్రాల వల్ల గాలి ఎండిపోయి చెక్క పగుళ్లు తీస్తుంది. అందుకని పెట్టెలో తడి గొట్టం పెట్టి కాపాడుకుంటారు. తీగలు అరిగిపోతే కొత్త సెట్టుకు యాభై యూరోల పైనే అవుతుంది. ప్రపంచమంతటా వాడే ‘డామినెంట్’ తీగలు తయారయ్యేది వియన్నాలోనే. అయినా అక్కడి విద్యార్థికి అవి చవక కావు.

అన్నం, అద్దె, ఆదివారం

గది అద్దెకే నెలకు ఐదారు వందల యూరోలు పోతాయి. విశ్వవిద్యాలయం భోజనశాలలో ఒకపూట తిన్నా, రెండో పూట సొంత వంటే. మన దేశం వారు నాష్‌మార్క్ట్ బజారు చుట్టుపక్కల దుకాణాల్లో బియ్యం, పప్పు, మిరపపొడి తెచ్చుకుంటారు. హాస్టలు వంటగదిలో తాలింపు వేస్తే పొగకు అలారం మోగుతుందేమోనని భయం. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని మాత్రం తెరిచి ఉంటాయి. శనివారం సరుకులు మరిచినవారికి ఆదివారం పస్తే.

బయటి దేశాల విద్యార్థులు పర్మిట్ తీసుకుని వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. పిల్లలకు పాఠాలు చెప్పడం, పెళ్లిళ్లలో, చర్చిల్లో వాయించడం, హోటళ్లలో వడ్డించడం వంటివి చేస్తారు. పని చేస్తే సాధనకు వేళ తగ్గుతుంది. చేయకపోతే అద్దె కట్టలేరు. ఇది కత్తిమీద సామే.

నేల టిక్కెట్టులో గొప్ప చదువు

ఇన్ని ఇబ్బందులున్నా వియన్నాను వదలలేరంటే కారణం సాయంత్రాలే. 1869లో తెరిచిన స్టేట్ ఆపెరాలో మంచి సీటుకు రెండు వందల యూరోలైనా అడుగుతారు. నిలబడి చూసే టిక్కెట్టు మాత్రం ఇరవై యూరోల లోపే. మన సినిమా హాళ్ల నేల టిక్కెట్టు వంటిదే. లోపలికి వెళ్లగానే కమ్మీకి మెడపట్టీ కట్టి చోటు ఖాయం చేసుకుంటారు. బస్సు సీటులో తువ్వాలు వేసే మన అలవాటు అక్కడా ఉందన్నమాట! 1870లో ప్రారంభమైన మ్యూసిక్‌ఫెరైన్ బంగారు హాలులోనూ మూడు వందల మంది నిలబడి వినవచ్చు.

మన దేశానికి చెందిన జుబిన్ మెహతా ఈ దారిలో వచ్చినవాడే. బొంబాయిలో పుట్టి, 1954లో పద్దెనిమిదేళ్ల వయసులో వియన్నా చేరాడు. హాన్స్ స్వారోవ్‌స్కీ దగ్గర ఆర్కెస్ట్రా నడపడం నేర్చుకున్నాడు. గొప్పవారి రిహార్సళ్లకు బయటివారిని రానివ్వకపోతే తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడోతో కలిసి గాయక బృందంలో చేరిపోయాడు. పాడుతూనే, ఎదుట చేయి ఊపే మహామహుల పనితీరును చూశాడు. ఆ తర్వాత అదే హాలులో 1990 మొదలు 2015 వరకు ఐదుసార్లు నూతన సంవత్సర కచేరీ నడిపాడు.

తెర వెనుక తేలే బతుకు

అందరికీ ఆ యోగం పట్టదు. పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఒక్క ఖాళీ పడితే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎవరు వాయిస్తున్నదీ తెలియకుండా తెర కట్టి పరీక్షించడం రివాజు. పేరు, ఊరు, సిఫారసు అక్కడ పనికిరావు. కొన్ని నిమిషాల వాద్యంతో తేలిపోతుంది. వియన్నా ఫిల్‌హార్మోనిక్‌లో చేరాలంటే ముందు ఆపెరా ఆర్కెస్ట్రాలో గెలిచి, కనీసం మూడేళ్లు వాయించాలి. చదువు పూర్తయ్యాక బయటి దేశాల వారికి ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది గడువిస్తారు. దొరకకపోతే వాద్యం పట్టుకుని ఇంటిదారే.

అలా తిరిగివచ్చినవారి చదువు వృథా అనలేం. ఊళ్లో పదిమంది పిల్లలకు నేర్పినా ఆ విద్య నిలుస్తుంది. పోతే, మన ప్రాంతం నుంచి సంగీతం చదవడానికి యూరప్ వెళ్లాలనుకునే పిల్లలు, వారి తల్లిదండ్రులు ఫీజు ఎంత, చలి ఎంత అని మాత్రమే విచారిస్తే చాలదు. బిడ్డ రోజుకు ఎన్ని గంటలు, ఏ గదిలో వాయించుకోగలడో ముందే కనుక్కోవాలి. ఆ గది దొరికితేనే ఖర్చు పెట్టిన డబ్బు, పడిన కష్టం విద్యగా మారేది.